పోపు వేగేటప్పుడు కెమెరా ఎక్కడుండాలి?

పోయిన సంచికలో బడిపిల్లలకు ఫోనుతో వంట వీడియోలు తీయడం నేర్పడం గురించి రాశాక, ఒడిశా వైపు ఉన్న తెలుగువాళ్ళ నుంచే ఎక్కువ ప్రశ్నలొచ్చాయి. రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి, జయపురం, మా బరంపురం. ఈసారి పేజీ మొత్తం వాటికే ఇస్తున్నాను. చాలామంది పిల్లల సంగతులు రాశారు కాబట్టి ఊరి పేరు తప్ప ఎవరి పేరూ వేయడం లేదు.

ప్రశ్న: మేడమ్ గారూ, మాది రాయగడ దగ్గర హైస్కూలు. శనివారం మధ్యాహ్నాలు పిల్లలతో వంట వీడియోలు చేయిద్దామని హెడ్మాస్టరు గారిని ఒప్పించాను. ఎనిమిది, తొమ్మిది తరగతుల పిల్లలు ఇరవై మంది దాకా వస్తారు. ఉన్నవి నాలుగు ఫోన్లు, ఒక గ్యాస్ స్టవ్. నాకు వంట బాగా వచ్చు, వీడియో అసలు రాదు. ఎక్కడ మొదలుపెట్టాలి?
ఒక ఉపాధ్యాయిని, రాయగడ

జవాబు: వంట వచ్చని రాశారు కదా, అసలు కష్టమైన భాగం మీ దగ్గరే ఉంది. యాప్‌లో ముక్క కత్తిరించడం, అతికించడం మీ పిల్లలు ఒక్క పూటలో పట్టేస్తారు, తిరిగి మీకే నేర్పుతారు కూడా. వాళ్ళకు తెలియనిది, మీకు తెలిసినది ఒకటుంది: మూకుట్లో ఉన్నది ఎప్పుడు మారబోతోందో. వంట వీడియో అంటే ఆ మార్పులే. ఆవాలు చిటపటమనడం, శనగపప్పు ఎర్రబడడం, చింతపండు గుజ్జు చిక్కబడి అంచుల్లో నూనె తేలడం. మిగతాదంతా ఎదురుచూపు, ఎడిటింగులో పోయేదే.

అందుకని మొదటి శనివారం ఫోన్లు బీరువాలో పెట్టేయండి. పులిహోర చేయండి. ప్రతివాళ్ళ చేతికీ ఒక కాగితమిచ్చి, రంగు గానీ చప్పుడు గానీ వాసన గానీ మారినప్పుడల్లా రాయమనండి. మొదట 'పోపు వేశారు' అని ఒక్క ముక్క రాసి ఊరుకుంటారు. అప్పుడు పక్కన నిలబెట్టుకుని ఇంకో పోపు వేసి చూపించండి. నూనె కాగిందో లేదో ఒక్క ఆవగింజ వేసి చూడడం, ఆవాలన్నీ పడ్డాక ఒక క్షణం ఏమీ జరగకపోవడం, ఒకటీ రెండూ పేలడం, తర్వాత అన్నీ ఒక్కసారిగా పేలడం, ఆ చప్పుడు తగ్గుతుండగానే శనగపప్పు, మినప్పప్పు పడడం, అవి ఎర్రబడీ ఎర్రబడకముందే ఎండుమిర్చి, ఇంగువ, ఆఖరున కరివేపాకు. కరివేపాకులో తడి ఉంటుంది కాబట్టి అది పడగానే నూనె చిమ్ముతుంది. ఇదంతా ఒకటి రెండు నిమిషాల్లో అయిపోతుంది. అప్పుడు ఫోను తీసి, లాకు తెరిచి, కెమెరా వెతుక్కుంటూ కూర్చుంటే పోపు మాడుతుంది. ఫోను ముందే అక్కడ ఉండాలి, రికార్డింగు ముందే మొదలవ్వాలి. ఈ ఒక్కటి మనసుకు పడితే మిగతావన్నీ సులువు.

రెండో వారం ఫోన్లు ఇవ్వండి. నాలుగు జట్లు చేయండి. ఒక జట్టు వండుతుంది, ఒకటి తీస్తుంది, ఒకటి ఏ షాట్‌లో ఏముందో కాగితం మీద రాస్తుంది, నాలుగోది కొలతలు, శుభ్రం, స్టవ్ దగ్గర జాగ్రత్త చూసుకుంటుంది. వారం వారం పని మారాలి. వదిలేస్తే ఆడపిల్లలు గరిటె, మగపిల్లలు కెమెరా పట్టుకుని వాళ్ళంతట వాళ్ళే విడిపోతారు, దాన్ని మాత్రం మొదటిరోజే ఆపండి. గరిటె పట్టని పిల్లాడు పోపును సరిగ్గా తీయలేడు.

తీసేటప్పుడు చెప్పాల్సినవి ఎక్కువేం లేవు. ప్రతి షాట్‌కీ ముందు లెన్స్‌ను మెత్తని నూలుగుడ్డతో తుడవాలి, వంటింట్లో నూనె చేతులతో ఫోను పట్టుకుంటే లెన్స్ మీద పొర పడి దీపాల చుట్టూ మసక మసకగా వస్తుంది, పిల్లలు దాన్ని కెమెరా బాలేదనుకుంటారు. ఫోను ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో ఉండాలి, లేకపోతే సరిగ్గా మూత తీసే సమయానికి ఎవరో ఫోన్ చేస్తారు. నిలువుగా తీయాలో అడ్డంగా తీయాలో ముందే అనుకోవాలి, సగం అదీ సగం ఇదీ అయితే కలపడం కుదరదు. వేళ్ళతో జూమ్ చేయకూడదు, దగ్గరికి జరగాలి. పని మొదలవడానికి మూడు సెకన్ల ముందు రికార్డు నొక్కి, అయ్యాక మూడు సెకన్లు ఆగి ఆపాలి, ఆ అదనపు సెకన్లు లేకపోతే ఎడిటింగులో ముక్కకు ముక్క అతకదు. ప్రతి మార్పునూ వీలైతే మూడు రకాలుగా తీయాలి: మనిషీ వంటగదీ కనిపించేలా దూరం నుంచి, చేతులు కనిపించేలా మధ్యనుంచి, మూకుడు మాత్రమే కనిపించేలా దగ్గరనుంచి. ఉప్పు వేసే చెయ్యి దూరం షాట్‌లో కదలడం మొదలై, దగ్గర షాట్‌లో ఆ కదలిక పూర్తయ్యేచోట కత్తిరిస్తే చూసేవాళ్ళకు అతుకు కనబడదు. కాకపోతే రెండుసార్లూ ఉప్పు వేసింది ఒకే చెయ్యి అయ్యుండాలి. రాసుకునే జట్టు ఉన్నది అందుకే.

వెలుతురు సంగతి. స్టవ్‌ను కిటికీ దగ్గరికి జరిపి ట్యూబ్‌లైటు ఆర్పేయండి. ఆవిరి కనబడాలంటే వెలుతురు పక్కనుంచో వెనకనుంచో రావాలి, ఎదురుగా వస్తే ఎంత పొగలు కక్కే అన్నమైనా చల్లారినట్టు కనిపిస్తుంది. స్క్రీన్ మీద కూర ఉన్నచోట వేలు కాసేపు నొక్కి ఉంచితే చాలా ఫోన్లలో ఫోకసూ వెలుతురూ లాక్ అవుతాయి. లాక్ చేయకపోతే మూత తీయగానే తెల్లని ఆవిరి చూసి కెమెరా దృశ్యం మొత్తాన్ని చీకటి చేసేస్తుంది.

ఎడిటింగు కూడా మొదట కాగితం మీదే. షాట్లకు నంబర్లు వేసి, ఏవి ఉంచాలో, ఏవి కొట్టేయాలో పిల్లలు వాదించుకోవాలి. ఒక నిమిషం వీడియోకు నాలుగేసి సెకన్ల షాట్లు పదిహేను పడతాయి. పదిహేనుకు మించి ఇష్టమైనవి ఉంటాయి, ఏడుపు మొహాలు పెడతారు, పెట్టనివ్వండి. 'ఇది తీసేస్తే చూసినవాళ్ళు ఇంటికెళ్ళి పులిహోర చేయగలరా?' అని అడగండి. చేయగలరు అంటే తీసేయడమే. గ్లాసు బియ్యానికి నిమ్మకాయంత చింతపండు అన్న మాట మాత్రం తెరమీద అక్షరాల్లో ఉండి తీరాలి, అది లేని వంట వీడియో ఎవరికీ పనికిరాదు.

ఇక స్టవ్ దగ్గర జాగ్రత్త. దీని మీద నేను రాజీపడను. ఫోను ఎప్పుడూ మూకుడుకు పక్కనుంచి, కొంచెం ఎత్తులో, స్టాండ్‌కు కట్టి ఉండాలి. సరిగ్గా పైన ఉండకూడదు, ఆవిరీ నూనే రెండూ పైకే వస్తాయి, ఫోను జారితే నూనెలోనే పడుతుంది. పైనుంచి షాట్ కావాలంటే కూరగాయలు తరిగేటప్పుడు, పిండి కలిపేటప్పుడు, వడ్డించేటప్పుడు తీసుకోండి. జుట్టు ముడి, చున్నీ పిన్ను, మూకుడు కాడ లోపలివైపుకు, సిలిండర్ దగ్గర మీరు. పోపు ఎంత అందంగా వస్తున్నా 'ఇంకొంచెం దగ్గరికి పెట్టు' అని ఏ పిల్లనీ అనకండి.

ప్రశ్న: అక్కా, నేను ఇంటర్ చదువుతున్నాను. మా అమ్మ గారెలు వేస్తుంటే రాత్రిపూట తీశాను. వీడియో అంతా నల్లటి చారలు కిందనుంచి పైకి పాకుతున్నాయి. ఫోను పాడైందా? స్లో మోషన్‌లో అయితే మరీ టపటపా కొట్టుకుంటోంది.
ఒక విద్యార్థి, గుణుపురం

జవాబు: ఫోను బాగానే ఉంది తమ్ముడూ, అది మీ ఇంటి లైటు పని. మన దేశంలో కరెంటు సెకనుకు 50 సార్లు తిరుగుతుంది, పాత రకం ట్యూబ్‌లైట్లూ చౌక ఎల్ఈడీ బల్బులూ దానివల్ల సెకనుకు 100 సార్లు వెలుగు తగ్గి పెరుగుతుంటాయి. మన కంటికి తెలియదు, కెమెరాకు తెలుస్తుంది. ఫోన్లు మామూలుగా సెకనుకు 30 ఫ్రేములు తీస్తాయి, ఆ లెక్క 60 హెర్ట్జ్ కరెంటు ఉన్న అమెరికా నుంచి వచ్చింది, మన 100తో అది కలవదు, అందుకే చారలు.

నీ ఫోన్లో ప్రో మోడ్ ఉంటే షట్టర్‌ను సెకనులో 50వ వంతుకో 100వ వంతుకో పెట్టు, వీలైతే ఫ్రేములు 25కి మార్చు, చారలు పోతాయి. కొన్ని ఫోన్ల కెమెరా సెట్టింగుల్లో యాంటీ ఫ్లికర్ అని ఉంటుంది, అందులో 50 హెర్ట్జ్ ఎంచుకో. ఏదీ లేకపోతే పాతకాలం నాటి ఫిలమెంటు బల్బు ఒకటి పక్కన పెట్టి ట్యూబ్‌లైటు ఆర్పేయి, అది అంతగా కొట్టుకోదు. స్లో మోషన్ మాత్రం పగటి వెలుతురులోనే తియ్యి, సెకనుకు 120, 240 ఫ్రేములంటే లైటు వెలిగే క్షణాన్నీ తగ్గే క్షణాన్నీ విడివిడిగా పట్టేస్తుంది. గారె నూనెలో పడి, మునిగి, బుడగలతో పైకి తేలడం మధ్యాహ్నం కిటికీ వెలుతురులో స్లో మోషన్ తీసి చూడు, ఎంత బాగుంటుందో. అమ్మను మాత్రం మళ్ళీ గారెలు వేయమని బతిమాలుకోవాలి.

ప్రశ్న: ఏ యాప్ మంచిది? మా ఫోన్లో మెమరీ కూడా తక్కువ.
ముగ్గురు నలుగురు ఇదే అడిగారు

జవాబు: ఫోనులో వీఎన్, ఇన్‌షాట్, కైన్‌మాస్టర్, ఏదైనా సరే. బడిలో కంప్యూటరుంటే షాట్‌కట్, కెడెన్‌లైవ్ ఉచితం. డావిన్సీ రిజాల్వ్‌లోనూ ఉచిత వెర్షన్ ఉంది, చాలా బాగుంటుంది, కానీ గట్టి కంప్యూటర్ కావాలి. డబ్బు కట్టకుండా వాడితే కొన్ని యాప్‌లు మూలన తమ ముద్ర వేస్తాయి, వేయనివ్వండి, పిల్లల పనికి దానివల్ల వచ్చే నష్టమేం లేదు. ముద్ర లేని యాప్ అని వాట్సాప్‌లో ఎవరో పంపే ఏపీకే ఫైళ్ళు మాత్రం ఎక్కించుకోవద్దు, అందులో ఏముంటుందో ఎవరికీ తెలియదు.

మెమరీ తక్కువుంటే 4కె వద్దు, 1080 చాలు. ఏ రోజు తీసినవి ఆ రోజే చూసి పనికిరానివి చెరిపేయాలి. ఒక ఫోన్ నుంచి ఇంకో ఫోన్‌కు వాట్సాప్‌లో మామూలుగా పంపితే వీడియో నాణ్యత పడిపోతుంది, డాక్యుమెంట్‌గా పంపండి.

ప్రశ్న: మా అత్తగారు ఇప్పటికీ ఇంట్లో అప్పడాలు చేస్తారు. బరంపురం అప్పడాలంటే మీకు చెప్పక్కర్లేదు. మా అమ్మాయి, దాని స్నేహితురాళ్ళు కాలేజీ ప్రాజెక్టుకు దాన్ని వీడియో తీస్తామంటున్నారు. పిండి కలిపిన దగ్గర్నుంచి ఎండేదాకా ఒక రోజు పైనే పడుతుంది, వీళ్ళకు ఇచ్చింది ఒక్క నిమిషం. అత్తగారు కెమెరా చూస్తే బిగుసుకుపోతున్నారు. ఏం చేయాలి?
ఒక గృహిణి, బరంపురం

జవాబు: మన ఊరి పచ్చళ్ళకీ అప్పడాలకీ ఉన్న పేరు అటు కటకం దాకా, ఇటు శ్రీకాకుళం దాకా తెలుసు, కానీ ఇంట్లో చేసే చేతులు తగ్గిపోతున్నాయి. మీ పిల్లలు అడుగుతున్నారంటేనే నాకు చాలా సంతోషంగా ఉంది. ప్రాజెక్టుకు నిమిషమే అయినా తీసింది మొత్తం ఒక డ్రైవ్‌లో దాచమని చెప్పండి. మార్కులు అయిపోయాక కూడా అది మీ ఇంట్లో ఉండాలి.

ముందు అత్తగారి సంగతి. ఆవిడను కెమెరా వైపు చూసి మాట్లాడమనకండి. ఫోను స్టాండ్‌కు పెట్టి, రికార్డింగు నొక్కేసి, పిల్లలందరూ ఆవిడ పక్కన కూర్చుని అప్పడాలు వత్తడం మొదలుపెట్టాలి. వాళ్ళు వంకరగా వత్తుతుంటే ఆవిడ చూస్తూ ఊరుకోలేరు, 'అలాక్కాదే, మధ్యలో కాదు, అంచు వత్తు' అని చెయ్యి పట్టుకుని చూపిస్తారు. ఆ మాటే మీకు కావాలి. అలాంటిది అడిగితే రాదు. కాసేపయ్యాక ఫోనున్న సంగతే మరచిపోతారు. కానీ రికార్డు చేస్తున్నామని ముందు చెప్పండి, దొంగచాటుగా వద్దు. అయ్యాక ముందు ఆవిడకే చూపించండి.

ఇక నిమిషంలోకి ఎలా కుదించాలి అంటే, రోజంతా పట్టే పనిలో కూడా మార్పులు కొన్నే. మినప్పిండిలో ఉప్పు, మిరియాలు, ఇంగువ, అప్పడాల ఖారం (కారప్పొడి కాదు, సోడాలాంటి క్షారం) కలిపి గట్టిగా ముద్ద చేయడం. నూనె రాస్తూ రోకలితో దంచితే, ముందు పగుళ్ళు పగుళ్ళుగా ఉన్న ముద్ద సాగడం మొదలవ్వడం, ఇది అన్నిటికంటే ముఖ్యం, దంచకముందు ఒకసారీ దంచాక ఒకసారీ ముద్దను రెండు చేతులతో లాగి చూపిస్తే మాట అక్కర్లేకుండానే తెలిసిపోతుంది. పొడుగ్గా కడ్డీలా చేసి దారంతో బిళ్ళలు కోయడం, దారం ముద్దలోకి దిగి రెండో వైపు వచ్చే ఆ క్షణాన్ని బాగా దగ్గరనుంచి తీయండి, కత్తితో అయితే అంటుకుపోతుంది, దారంతో ఎంత శుభ్రంగా తెగుతుందో కనిపించాలి. అప్పడాల కర్ర కింద బిళ్ళ పల్చబడి, వెలుతురుకు పట్టుకుంటే అవతలి వేళ్ళ నీడ కనబడడం. ఎండడం. నూనెలో పొంగడం. అంతే.

ఎండడానికి టైమ్‌ల్యాప్స్ వాడండి. పది సెకన్లకు ఒక ఫ్రేము చొప్పున గంటసేపు తీస్తే 360 ఫ్రేములొస్తాయి, సెకనుకు 30 చొప్పున అది 12 సెకన్ల వీడియో. దానిలోంచి అప్పడం అంచులు లేవడం మొదలయ్యే నాలుగు సెకన్లు తీసుకోండి. ఫోను ఎండలో పెట్టకండి, వేడెక్కి ఆగిపోతుంది, గొడుగు నీడలో ఫోను, ఎండలో అప్పడాలు. మధ్యలో ఫోన్ కదిలితే మొదటికొస్తుంది కాబట్టి పిల్లల్లో ఒకరు కాపలా ఉండాలి, కాకులకు కూడా.

దీని మీద సినిమా పాట వేయకండి. రోకలి దెబ్బ చప్పుడు, కర్ర పీట మీద దొర్లే చప్పుడు, అప్పడం విరిగే చప్పుడు, ఈ మూడూ విడిగా దగ్గరనుంచి రికార్డు చేసి పెట్టుకుంటే వేరే సంగీతం అక్కర్లేదు. ఒకవేళ కావాలనిపిస్తే యూట్యూబ్ ఆడియో లైబ్రరీలో ఉచితంగా వాడుకునేవి ఉన్నాయి.

ప్రశ్న: మా అమ్మాయి తొమ్మిదో తరగతి. వంట వీడియోలకు గొంతు ఇమ్మంటే టెన్షన్ పడి పాఠం అప్పజెప్పినట్టు చదువుతుంది. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా. 'నా తెలుగు బాలేదు, నవ్వుతారు' అంటోంది. తెలుగు చానళ్ళు చూసి అలాగే మాట్లాడాలని చూస్తోంది.
ఒక తండ్రి, పర్లాకిమిడి

జవాబు: జనం మాట్లాడే తెలుగులోనే చదువులుండాలని పోరాడిన గిడుగు రామమూర్తి పంతులు గారు పాఠాలు చెప్పిన ఊరండీ మీది. ఆయన పుట్టినరోజు ఆగస్టు 29నే తెలుగు భాషా దినోత్సవం జరుపుకుంటున్నాం. మీ చుట్టుపక్కల కొండల్లో ఉండే సవరల భాష నేర్చుకుని, దానికి వ్యాకరణం, నిఘంటువు కూడా రాశారాయన. ఆ ఊరి పిల్ల తన ఇంటి తెలుగు మాట్లాడటానికి సిగ్గుపడకూడదు. పాపకు ఈ కబురు మీరే చెప్పండి.

పని విషయానికొస్తే, రాసి చదివించకండి. రాసిచ్చారంటే 'బాణలి యందు తగినంత నూనె వేసుకోవలెను' అని వస్తుంది. చానళ్ళు చూసి నేర్చుకుంటే 'ఇప్పుడు మనం ఇందులో ఆయిల్‌ని యాడ్ చేసుకుందాం ఫ్రెండ్స్' అని వస్తుంది. రెండూ ఆ పిల్ల మాటలు కావు. ముందు వీడియో ఎడిట్ చేసేయండి, మాట లేకుండా. తర్వాత దాన్ని నడుపుతూ, పక్కన వాళ్ళ పిన్నినో అత్తనో కూర్చోబెట్టి, 'ఏం చేశావో చెప్పవే' అని అడిగించండి. 'మూకుట్లో రెండు గరిటెల నూనె పోసేను పిన్నీ, కాగేక ఆవాలు వేసేను' అంటుంది. అదే రికార్డు చేయండి. పోసేను, వేసేను అన్న యాస అలాగే ఉంచండి, దిద్దకండి. మాటకూ మాటకూ మధ్య ఖాళీ ఉంటే ఖాళీనే, పోపు చిటపటమనేచోట అసలు మాట్లాడనే వద్దు. మధ్యలో ఒడియా మాట దొర్లినా పర్వాలేదు, మన వైపు అందరం అలాగే మాట్లాడతాం. తెర మీద అక్షరాలు రెండు భాషల్లోనూ పెడితే బడి స్నేహితులు కూడా చూసి ఆనందిస్తారు. అక్షరాలు అట్టడుగున వేయకండి, నిలువు వీడియోల్లో కింద టైటిలూ కుడిపక్క గుర్తులూ వాటిని కప్పేస్తాయి.

గొంతు రికార్డు చేసేటప్పుడు ఫ్యాను ఆపి, పరుపులూ దుప్పట్లూ ఉన్న గదిలో కూర్చుంటే ప్రతిధ్వని రాదు. ఫోను నోటికి జానెడు దూరంలో, కొంచెం పక్కగా.

ప్రశ్న: మా కాలేజీలో వీడియో క్లబ్బు ఉంది. 'మా ఇంటి వంట' అని అందరూ ఒక్కో వీడియో చేయాలనుకున్నాం. కొండ ఊరినుంచి వచ్చే ఒకమ్మాయి మండియా జావు, అంటే చోళ్ళ (రాగుల) జావ, చేసి చూపిస్తానంది. కొందరు నవ్వారు, 'అదేం వంట' అన్నారు. ఆమె మానేస్తానంటోంది. మేం వెళ్ళి తీస్తామంటే ఒప్పుకుంటుందేమో తెలియదు. ఎలా మాట్లాడాలి?
క్లబ్బు బాధ్యతలు చూసే విద్యార్థిని, జయపురం

జవాబు: ముందు నవ్వినవాళ్ళతో మాట్లాడమ్మా, ఆ అమ్మాయితో తర్వాత. వాళ్ళలో తెలుగువాళ్ళు ఉంటే ఇంటికెళ్ళి తాతమ్మనడగమను, వాళ్ళు పొద్దున్నే ఏం తాగి పొలానికి వెళ్ళేవారో. చోడి అంబలి. అదే గింజ, దాదాపు అదే గిన్నె. ఒడిశా ప్రభుత్వం 2017లో చిరుధాన్యాల మిషన్ మొదలుపెట్టినప్పుడు ముందు వరుసలో ఉన్నది కోరాపుట్ వైపు జిల్లాలే. మీ జిల్లా కొండల సంప్రదాయ వ్యవసాయాన్ని ఐక్యరాజ్య సమితి ఆహార వ్యవసాయ సంస్థ 2012లో ప్రపంచ వారసత్వ వ్యవసాయంగా గుర్తించింది. 2023ను ప్రపంచమంతా చిరుధాన్యాల సంవత్సరంగా జరుపుకుంది, అది మన దేశం అడిగితే ఇచ్చినదే. నవ్వడానికి ఏముంది ఇందులో?

ఆ అమ్మాయి దగ్గరికి 'మీ ఊరొచ్చి తీస్తాం' అని వెళ్ళకు. 'నీ వీడియోకు నువ్వే డైరెక్టర్, మేం నలుగురం నువ్వు చెప్పిన పని చేస్తాం' అను. ఏ షాట్ ముందు, ఏది తర్వాత, ఎవరు కనబడాలి, ఎవరు కనబడకూడదు, ఆమే చెబుతుంది. ఎక్కడ తీయాలో కూడా ఆమె ఇష్టం, హాస్టల్ వంటగదిలో చేస్తానంటే అక్కడే. ఇంటికి రమ్మంటే, పెద్దవాళ్ళను అడిగాకే ఫోను బయటికి తీయండి, వాళ్ళ భాషలో ఆమె అడగాలి, మీరు కాదు. తీసింది అక్కడే కూర్చుని వాళ్ళకు చూపించండి, వద్దన్న ముక్క వాళ్ళ ముందే చెరిపేయండి. పగిలిన గోడలు, చినిగిన బట్టలు, ముక్కు కారుతున్న పిల్లలు, వీటి మీదికి కెమెరా తిప్పకండి. మీరు వెళ్ళింది జావు తీయడానికి. వెనక డప్పులు, అడవి పిట్టల కూతలు అతికించకండి. ఆ ఇంట్లో ఏం వినబడితే అదే ఉండనివ్వండి.

జావులో చూడాల్సింది చాలా ఉంది. నీళ్ళు మరుగుతుండగా జారుగా కలిపిన పిండిని సన్నగా పోస్తూ కలపడం, లేత రంగు పిండి ఉడికేకొద్దీ ముదురు గోధుమ రంగుకు తిరగడం, ముందు నీళ్ళలా ఉన్నది చిక్కబడి బుడగ ఒక్కొక్కటే లేచి నెమ్మదిగా పగలడం. ఆ బుడగను దగ్గరగా తియ్యండి. ముదురు రంగు వంటకం కాబట్టి కెమెరా దాన్ని బలవంతంగా తెల్లబరచాలని చూస్తుంది, గిన్నె మీద నొక్కి వెలుతురు లాక్ చేసి, కొంచెం తగ్గించండి, అప్పుడు అసలు రంగు వస్తుంది. ఎడిటింగులో ఆ అమ్మాయి పక్కన కూర్చోవాలి. ఆఖరి ముక్క ఎక్కడ కొయ్యాలో ఆమె మాటే చెల్లాలి.

ప్రశ్న: మా అబ్బాయి పదకొండేళ్ళవాడు, కేకులు, ఆమ్లెట్లు చేసి వీడియోలు తీస్తున్నాడు. యూట్యూబ్‌లో పెడితే ఎప్పటినుంచి డబ్బులొస్తాయి? వాడి పేరు మీదే చానల్ పెట్టొచ్చా?
ఒక తండ్రి, బరంపురం

జవాబు: వాడి పేరు మీద పెట్టకూడదు. సొంతంగా యూట్యూబ్ ఖాతా వాడాలంటే 13 ఏళ్ళుండాలి. డబ్బు జమయ్యే యాడ్‌సెన్స్ ఖాతాకు 18 దాటాలి. మన దేశంలో 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం కూడా 18 లోపు వాళ్ళను పిల్లలుగానే చూస్తుంది. కాబట్టి చానల్ మీ పేరు మీద, బాధ్యత మీది.

ప్రకటనల ఆదాయంలో వాటా రావాలంటే 1,000 మంది సబ్‌స్క్రైబర్లు, దాంతోపాటు ఏడాదిలో 4,000 గంటల వీక్షణ గానీ, 90 రోజుల్లో షార్ట్స్‌కు కోటి వ్యూలు గానీ కావాలి. షార్ట్స్ ఇప్పుడు మూడు నిమిషాల దాకా పెట్టుకోవచ్చు, 2024 అక్టోబరు నుంచి. ఈ లెక్కలు మీరు తెలుసుకోండి, వాడికి చెప్పకండి. పదకొండేళ్ళ పిల్లాడు పొద్దున్న లేవగానే వ్యూలు చూసుకుంటే ఇక ఆమ్లెట్ వైపు చూడడు. ఇప్పుడు వాడికి చూడాల్సినవారు అమ్మమ్మ, మేనత్త, బడి స్నేహితులు. వాళ్ళకు పంపండి. చూసి ఎవరైనా అదే ఆమ్లెట్ వేసుకుని, ఉప్పు ఎంత వేయాలో అర్థం కాలేదని ఫోన్ చేస్తే, వాడు తర్వాతి వీడియోలో చెంచా కొలత చూపిస్తాడు.

పెట్టాలని గట్టిగా అనుకుంటే లింకున్నవారే చూసేలా అన్‌లిస్టెడ్‌లో పెట్టండి. యూనిఫాం, బడి పేరు, ఇంటి వీధి కనబడకూడదు. మొహం బదులు చేతులు తీస్తే ఇంకా మంచిది, వంటలో చూడాల్సినవి అవే కదా. పొయ్యి వెలిగించేటప్పుడు మాత్రం ప్రతిసారీ మీరో వాళ్ళమ్మో పక్కనుండాలి, వీడియో ఉన్నా లేకపోయినా.